సిటాగ్లిప్టిన్ మాత్రకు కదలని బరువు ఇంజెక్షన్‌కు ఎందుకు దిగింది? పేగు హార్మోన్ల సంగతి

అమ్మా, మిగతావాళ్లకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. మీ వారికి 48 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతుండగా ఏడాది కిందట డాక్టరుగారు సిటాగ్లిప్టిన్ కలిపారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.8 నుంచి 8.1కి దిగి అక్కడే ఆగింది. బరువు 91 కిలోల దగ్గర బిగుసుకుపోయింది. మీ అన్నయ్యగారికి షుగర్ లేదు. ఊబకాయానికని వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వేసుకుని ఎనిమిది నెలల్లో 13 కిలోలు తగ్గారు. రెండూ పేగుల్లో పుట్టే హార్మోను మీద ఆధారపడ్డ మందులేనని ఇద్దరి డాక్టర్లూ చెప్పారట. మరి ఒకరికి తగ్గి ఇంకొకరికి తగ్గకపోవడం ఏమిటి, ఆ హార్మోనేదో తిండితోనే పెంచుకోలేమా, పొట్ట ఆపరేషన్‌తో షుగర్ పోతుందనేది నిజమేనా అని అడిగారు.

ఇద్దరు డాక్టర్లు చెప్పిందీ నిజమే. హార్మోను ఒక్కటే, పేరు జీఎల్‌పీ-1. కానీ రక్తంలో అది ఎంత ఉంది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి చేసే పని మారిపోతుంది. కాస్త పెరిగితే భోజనం తర్వాతి షుగర్‌ను దించుతుంది, అంతే. ఎన్నో రెట్లు పెరిగి రాత్రీపగలూ అలాగే ఉంటే మెదడు కూడా దాని మాట వింటుంది, ఆకలి తగ్గుతుంది. మాత్రకూ ఇంజెక్షన్‌కూ తేడా అక్కడే ఉంది. తిండి గురించి మీరడిగినదానికి జవాబూ అందులోనే ఉంది.

పేగు అంటే తిన్నది అరిగించే గొట్టం అనుకుంటాం. నిజానికి ఒంట్లో హార్మోన్లు తయారుచేసే అవయవాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. హార్మోన్ల శాస్త్రం మొదలైందే పేగుతో. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టిన సెక్రెటిన్ చిన్నపేగు మొదటి భాగంలో పుడుతుంది. ఇన్సులిన్ మనుషుల చేతికి రావడానికి అప్పటికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టేట్టుంది. పేగు నుంచి వచ్చే ఏదో పదార్థం షుగర్‌ను దించుతుందేమోనన్న అనుమానం కూడా అప్పటిదే. 1906లోనే ఇంగ్లండులో కొందరు పేగు పొర నుంచి తీసిన రసాన్ని షుగర్ రోగులకు ఇచ్చి చూశారు.

గట్టి రుజువు 1964లో దొరికింది. గ్లూకోజు నోటితో తాగిస్తే ఒంట్లో ఎంత ఇన్సులిన్ ఊరుతుందో, నరంలోకి ఎక్కిస్తే ఎంత ఊరుతుందో పోల్చి చూశారు. నోటితో తాగినప్పుడే చాలా ఎక్కువ. రక్తంలో షుగర్ ఒకే స్థాయిలో ఉండేలా చూసినా ఇదే తేడా. అంటే ఇన్సులిన్ తయారుచేసే క్లోమం కేవలం రక్తంలో షుగర్ చూసి ఇన్సులిన్ వదలడం లేదు. తిండి వస్తోందని పేగు ముందే దానికి కబురు పంపుతోంది. ఆరోగ్యవంతుల్లో భోజనం తర్వాత ఊరే ఇన్సులిన్‌లో సగానికి పైగా ఈ కబురు వల్ల వచ్చేదే. దీన్ని ఇంక్రెటిన్ ప్రభావం అంటారు.

ఆ కబురు మోసే హార్మోన్లు ముఖ్యంగా రెండు. మొదటిది జీఐపీ, చిన్నపేగు పైభాగంలోని కణాల్లో పుడుతుంది. రెండోది జీఎల్‌పీ-1, దాని కణాలు కింది భాగంలో, పెద్దపేగులో ఎక్కువ. టైప్ 2 షుగర్ వచ్చినవాళ్లలో ఈ ఇంక్రెటిన్ ప్రభావం బాగా తగ్గిపోతుందని జర్మనీలో మైకేల్ నౌక్ బృందం 1986లో చూపించింది. ఆ తర్వాత 1993లో అదే బృందం ఇంకో సంగతి తేల్చింది. ఈ రోగులకు జీఐపీని ఎక్కించినా క్లోమం పెద్దగా స్పందించదు. జీఎల్‌పీ-1ను ఎక్కిస్తే మాత్రం స్పందిస్తుంది. మందుల కంపెనీలన్నీ జీఎల్‌పీ-1 వెంట పడటానికి కారణం ఇదే.

ఈ హార్మోనుకు నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది, మామూలు స్థాయికి రాగానే చేయి తీసేస్తుంది. పైగా కాలేయం నుంచి షుగర్ వదిలించే గ్లూకగాన్‌ను అదుపు చేస్తుంది, పొట్టలోంచి తిండి పేగులోకి దిగే వేగం తగ్గిస్తుంది. మీ వారు వాడే గ్లిమెపిరైడ్‌కు ఈ విచక్షణ లేదు. షుగర్ 250 ఉన్నా 70 ఉన్నా అది ఇన్సులిన్‌ను తోస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి కళ్లు తిరిగేది అందుకే.

ఇంత మంచి హార్మోనును నేరుగా మందుగా ఇచ్చేస్తే సరిపోయేదిగా అనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, రక్తంలోకి వచ్చిన రెండు నిమిషాల్లోపే సగం నాశనమైపోతుంది. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని వెంటనే కత్తిరించేస్తుంది. 2002లో డెన్మార్క్‌లో కొందరు షుగర్ రోగులకు చర్మం కింద పంపు పెట్టి ఆరు వారాల పాటు ఆపకుండా జీఎల్‌పీ-1 ఎక్కించారు. షుగర్ చక్కగా దిగింది, బరువు కూడా రెండు కిలోల దాకా తగ్గింది. అది నిలిస్తే ఏం చేయగలదో తెలిసింది కానీ, రోజంతా పంపు మోయమంటే ఎవరు మోస్తారు?

దీన్ని దాటడానికి రెండు దారులు దొరికాయి. మొదటిది, కత్తిరించే ఎంజైమును అడ్డుకోవడం. 2006లో అమెరికాలో అనుమతి పొందిన సిటాగ్లిప్టిన్, ఆ తర్వాత వచ్చిన విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్, మన మందుల షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే టెనెలిగ్లిప్టిన్, అన్నీ ఈ కోవలోవే, వీటినే గ్లిప్టిన్లు అంటారు. రెండోది, ఆ ఎంజైము కత్తికి తెగని నకలు తయారుచేయడం. ఈ దారి మొదలైన తీరు వింతగా ఉంటుంది. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో జాన్ ఇంగ్ అనే డాక్టరు దాని విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థం కనిపెట్టారు. అది జీఎల్‌పీ-1 లాగే పనిచేస్తుంది, ఎంజైముకు అంత సులువుగా లొంగదు. దాని నుంచే ఎక్సెనటైడ్ ఇంజెక్షన్ తయారై 2005లో అమెరికాలో అనుమతి పొందింది. రోజుకు రెండుసార్లు పొడుచుకోవాల్సి వచ్చేది. తర్వాత డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌లో లొట్టె బియెర్ నుడ్సెన్ బృందం మనిషి జీఎల్‌పీ-1కే ఒక కొవ్వు ఆమ్లపు తోక తగిలించింది. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని వేలాడుతుంది కాబట్టి మందు త్వరగా పోదు. ముందు లిరాగ్లూటైడ్ వచ్చింది, రోజుకొకటి. ఆ తర్వాత సెమాగ్లూటైడ్, దాని అర్ధాయువు, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు ఒక వారం. రెండు నిమిషాలెక్కడ, వారమెక్కడ! ఈ హార్మోను కథలో పునాది వేసిన స్వెత్లానా మోయ్‌సోవ్, జోయెల్ హాబెనర్‌లకూ నుడ్సెన్‌కూ కలిపి 2024లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ బహుమతి ఇచ్చారు. మోయ్‌సోవ్ పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు, ఆ గుర్తింపు రావడం నాకు సంతోషంగా అనిపించింది.

ఇప్పుడు మీ వారి దగ్గరికి వద్దాం. కుండకు చిల్లి ఉంది, పైన కొళాయి సన్నగా కారుతోంది అనుకోండి. సిటాగ్లిప్టిన్ ఆ చిల్లిని మూస్తుంది, కానీ కొళాయి ధార పెంచదు. ఆయన పేగు ఊరబెట్టే జీఎల్‌పీ-1 ఎంతో అంతే ఉంటుంది. అది ఇంకాస్త సేపు నిలిచి, భోజనం తర్వాత మామూలుకన్నా రెండు మూడు రెట్లకు చేరుతుందంతే. క్లోమం ఈ మాత్రానికే స్పందిస్తుంది కాబట్టి హెచ్‌బీఏ1సీ దాదాపు 0.6 నుంచి 0.8 దాకా దిగుతుంది. ఆయనకు తగ్గింది 0.7. మందు తన పని తాను సరిగ్గా చేసింది, దాన్ని నిందించాల్సిన పని లేదు. ఆకలిని తగ్గించేంత మోతాదు మాత్రం ఇది కాదు. వారపు ఇంజెక్షన్ మామూలు శరీరం ఎప్పుడూ చూడనంత స్థాయిని వారమంతా ఉంచుతుంది. అది ఒంట్లో సహజంగా ఊరేదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆకారంలో సహజానికి దగ్గర, మోతాదులో కాదు. పని చేసేదీ, వాంతులు తెచ్చేదీ ఆ మోతాదే.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. డీపీపీ-4 ఎంజైము జీఎల్‌పీ-1ను పాడుచేసేది ఎంత నిజమో, ఇంకో పేగు హార్మోనుకు మేలు చేసేదీ అంతే నిజం. పీవైవై అనే ఆ హార్మోను తిన్న తర్వాత ఇక చాలు అనిపించేవాటిలో ఒకటి. ఈ ఎంజైము దాని కొస కత్తిరించాకే ఆకలిని తగ్గించే రూపానికి వస్తుంది. గ్లిప్టిన్ ఆ ఎంజైమును ఆపేస్తే ఈ కత్తిరింపూ ఆగుతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో కొంత తీసుకున్నట్టే. గ్లిప్టిన్లు బరువు పెంచవు, తగ్గించవు అనడం వెనక ఇదీ ఒక కారణమని పరిశోధకులు అనుకుంటున్నారు.

అన్నయ్యగారితో పోల్చడంలో ఇంకో చిక్కుంది. ఆయనకు షుగర్ లేదు. అదే మందు షుగర్ ఉన్నవాళ్లలో బరువును అంతగా తగ్గించదు. 2021లో వచ్చిన స్టెప్ 1 అధ్యయనంలో షుగర్ లేని, లావుగా ఉన్నవాళ్లకు వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ 68 వారాలు ఇస్తే సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 2.4 శాతం. అదే డోసు, అదే 68 వారాలు షుగర్ ఉన్నవాళ్లకు ఇచ్చిన స్టెప్ 2లో తగ్గింది 9.6 శాతమే. ఆ లెక్కన మీ వారు రేపు ఇంజెక్షన్ మొదలుపెట్టినా ఏడాదిలో ఎనిమిది తొమ్మిది కిలోలు తగ్గితే అది మంచి ఫలితమే. బావగారిని చూసి పదమూడు కిలోలకు ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. ఈ విషయం ఆయనకు ముందే చెప్పండి.

మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన టిర్జెపటైడ్ గురించి కూడా ఎవరో మీకు చెప్పే ఉంటారు. కణాల మీద హార్మోను పట్టుకునే చోటును తలుపు అనుకుంటే, అది జీఎల్‌పీ-1 తలుపునూ జీఐపీ తలుపునూ కలిపి తడుతుంది. షుగర్ లేనివాళ్లలో పెద్ద డోసుతో 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గింది, షుగర్ ఉన్నవాళ్లలో 14.7 శాతం. షుగర్ రోగుల్లో జీఐపీ పనిచేయదని పైన రాశాను కదా, మరి దాన్ని కలిపితే ఫలితం ఎందుకు పెరిగింది? ఇంకా విడ్డూరం ఏమిటంటే, జీఐపీ తలుపును మూసేసి జీఎల్‌పీ-1 తలుపును తెరిచే ఇంకో మందు మీద ప్రయోగాలు జరుగుతున్నాయి, దానితోనూ బరువు బాగా తగ్గుతోంది. తెరిచినా తగ్గడం, మూసినా తగ్గడం! దీని మీద వాదనలు నడుస్తున్నాయి. ఈ శాస్త్రం అంతా తేలిపోయిందని చెప్పేవాళ్లను కొంచెం అనుమానంగా చూడండి.

ఇక ఆకలి మాట. మీ ప్రశ్న చివర్లో "ఆయనకు నోరు కట్టుకోవడం రాదు" అని రాశారు. ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగాలి.

మనం తినేదాన్ని పొట్టా పేగూ లెక్కపెడుతూనే ఉంటాయి. పొట్ట పైభాగంలో పుట్టే గ్రెలిన్ ఒక్కటే వీటిలో ఆకలి పెంచే హార్మోను. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా దాన్ని కనిపెట్టారు. భోజనం వేళకు ముందు పెరుగుతుంది, తినగానే పడిపోతుంది. మిగతావన్నీ ఆపేవే. చిన్నపేగు మొదట్లో కొవ్వు, మాంసకృత్తులు తగలగానే సీసీకే వస్తుంది. కాసేపటికి కింది నుంచి జీఎల్‌పీ-1, పీవైవై వస్తాయి. లావుగా ఉన్నవాళ్లకు గ్రెలిన్ ఎక్కువ ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి వాళ్లలో తక్కువే ఉంటుంది. కాకపోతే భోజనం తర్వాత పడాల్సినంతగా పడదు.

అసలు బాధ బరువు తగ్గిన తర్వాత మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో యాభై మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. బరువు తగ్గగానే గ్రెలిన్ పెరిగింది, పీవైవై, సీసీకే, కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ తగ్గాయి. ఇది ఊహించిందే. ఏడాది తర్వాత చూసినా అవి పాత స్థాయికి రాలేదు. వాళ్లకు ఆకలి కూడా డైటింగ్‌కు ముందుకన్నా ఎక్కువగానే ఉంది. అంటే పది కిలోలు తగ్గిన మనిషి శరీరం ఆ పది కిలోలూ తిరిగి తెచ్చుకోవాలని ఏడాది తర్వాత కూడా పోరుతూనే ఉంది. ఓపీలో నా ముందు కూర్చుని "రెండు నెలలు కట్టడిగా ఉన్నాడు సార్, మళ్లీ మొదలుపెట్టాడు" అని ఇంట్లోవాళ్లు అంటుంటే తల దించుకునే మగవాళ్లను చాలామందిని చూశాను. అందులో బుద్ధి లోపం నాకు పెద్దగా కనిపించదు. మీ వారు చేస్తున్నది సొంత ఒంటితో పోరాటం. దానికి తోడు గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌ను తోసి బరువును పైకే లాగుతుంది.

ఇంజెక్షన్ ఆపితే ఏమవుతుందో కూడా దీన్నుంచే ఊహించవచ్చు. స్టెప్ 1లో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. పెళ్లికి ముందు మూడు నెలలు వాడి ఆపేద్దాం అనుకునేవాళ్లకు ఈ మందు పనికిరాదు. బీపీ మాత్రలాగా ఏళ్ల తరబడి వాడాల్సింది అనుకునే మొదలుపెట్టాలి.

ఆపరేషన్ సంగతి. 1980ల నుంచి అమెరికాలో నార్త్ కరోలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ బరువు కోసం గ్యాస్ట్రిక్ బైపాస్ చేస్తూ ఒక వింత గమనించారు. బరువు ఇంకా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే, షుగర్ మామూలుకు వచ్చేస్తోంది. 1995లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. ఆ మొదటి రోజుల్లో తిండి బాగా తగ్గిపోవడం ఒక కారణం. పేగు హార్మోన్లు ఇంకో కారణం. బైపాస్‌లో తిండి పొట్టలో ఎక్కువ భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ దాటేసి నేరుగా కిందికి దూకుతుంది. జీఎల్‌పీ-1, పీవైవై కణాలు ఎక్కువగా ఉన్న చోటికి ఒక్కసారిగా చేరుతుంది. భోజనం తర్వాత జీఎల్‌పీ-1 ఎన్నో రెట్లు ఎగుస్తుంది. మన దగ్గర ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పేగు దారి మార్చరు, పొట్టను నిలువుగా కోసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. తీసేసిన భాగంలోనే గ్రెలిన్ ఎక్కువగా పుడుతుంది కాబట్టి అది బాగా తగ్గుతుంది. తిండి వేగంగా కిందికి జారడం వల్ల జీఎల్‌పీ-1 కూడా పెరుగుతుంది.

అయితే షుగర్ "పోతుంది" అనే మాట జాగ్రత్తగా వాడాలి. అమెరికాలో జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లు బైపాస్ చేయించుకున్నవాళ్లలో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులతోనే ఉన్నవాళ్లలో 5 శాతం. మందులకన్నా ఎంతో మేలు, కానీ అందరికీ కాదు. షుగర్ వచ్చి ఎక్కువ కాలమైనవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు అవకాశం తగ్గుతుంది. మీ వారి ఎత్తు 168 సెంటీమీటర్లని రాశారు కాబట్టి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 32 దాకా ఉంటుంది. ఆసియా వాళ్లకు బీఎంఐ 27.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. అంటే ఆయన అర్హులే. నా అభిప్రాయం అడిగితే, ముందు మందు మార్చి ఏడాది చూసి తర్వాత సర్జన్‌ను కలవండి. ఆపరేషన్ తర్వాత జీవితాంతం బీ12, ఐరన్, విటమిన్ డి మాత్రలు, పరీక్షలు తప్పవు. వాటికి సిద్ధపడనివాళ్లకు నేను వద్దంటాను.

ఇప్పుడు తిండి. జీఎల్‌పీ-1ను ఆహారంతో పెంచవచ్చా? పెంచవచ్చు, కొద్దిగా. ఆ కొద్ది షుగర్ మీద పనిచేస్తుంది, బరువు మీద ఇంజెక్షన్‌లాగా పనిచేయదు. అందులో నాకు నమ్మకమున్నది తినే వరుస. జపాన్‌లో అన్నం తినేవాళ్ల మీదే దీన్ని పరీక్షించారు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు ఒకరోజు ముందు అన్నం, తర్వాత చేప పెట్టారు. ఇంకోరోజు చేప ముందు, పావుగంట తర్వాత అన్నం. అదే తిండి, అంతే మోతాదు. చేప ముందు తిన్నరోజు షుగర్ పెరగడం బాగా తగ్గింది, పొట్ట నెమ్మదిగా ఖాళీ అయింది, జీఎల్‌పీ-1 ఎక్కువగా వచ్చింది. మాంసం ముందు తిన్నా అంతే. అమెరికాలో కూరగాయలు, కోడిమాంసం ముందు, రొట్టె చివర పెట్టి చేసినప్పుడు కూడా అలాంటి ఫలితమే వచ్చింది.

మన విస్తరి దగ్గర దీనికి ఒక ఇబ్బంది ఉంది. మనం కూరను కూరగా తినం, అన్నంలో కలుపుకుని తింటాం. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం, ఏ వంతులో చూసినా అన్నమే. అన్నం చివర తినండి అని చెప్తే చాలామంది సరేనని పెరుగన్నం చివర తిని వెళ్లిపోతారు! కాబట్టి నేను చెప్పేది ఇది. కంచంలో అన్నం పెట్టకముందే ఒక గిన్నెడు గోరుచిక్కుడు కూరో, తోటకూర పప్పో, రెండు గుడ్లో, చేప ముక్కలో, ఏది వండితే అది ఉత్తగా చెంచాతో తినేయండి. వేపుడైతే నూనె చూసుకోండి. పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు అన్నం పెట్టుకోండి. చాలామందికి అప్పటికే సగం ఆకలి తీరి రెండో వడ్డన అడగరు. టిఫిన్ విషయంలోనూ అంతే. ఇడ్లీ ముందు ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో తినవచ్చు. నాలుగు ఇడ్లీలకన్నా రెండు పెసరట్లు మేలు, ఉప్మా పెట్టకపోతే. మీ వారు గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు కాబట్టి ఒక మాట: మాత్ర వేసుకున్నాక ఈ వరుస పేరుతో అన్నం మరీ ఆలస్యం చేయకూడదు, పూర్తిగా ఎగ్గొట్టకూడదు.

పీచు వల్ల కూడా కొంత లాభం ఉంది. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడితే చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలు తయారై అక్కడి జీఎల్‌పీ-1, పీవైవై కణాలను తడతాయి. ఎలుకల్లో ఇది గొప్పగా కనిపించింది, మనుషుల్లో ఓ మోస్తరుగా. చిక్కుడు జాతి కూరలు, ఉలవలు, ఆకుకూరలు తినడానికి ఆ మాత్రం కారణం చాలు. భోజనం తర్వాత పావుగంట నడిస్తే షుగర్ తగ్గుతుంది, కానీ అది కండరాల పని, పేగు హార్మోన్లది కాదు.

మీరు అడిగిన మెంతుల పొడి సంగతి. మెంతుల్లో జిగురు పీచు ఎక్కువ, అది షుగర్ పీల్చుకునే వేగాన్ని తగ్గిస్తుంది. వాడుకోండి, ఇబ్బంది లేదు, డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానకండి. "సహజ జీఎల్‌పీ-1 బూస్టర్" అని డబ్బా మీద రాసి నెలకు నాలుగు వేలు లాగే పొడులు వేరు. ఆ సొమ్ముకు నెలంతా గుడ్లు, చేపలు కొనుక్కోవచ్చు. బెర్బెరిన్‌ను ఆన్‌లైన్‌లో ఇంజెక్షన్‌కు బదులన్నట్టు అమ్ముతున్నారు, బరువు మీద దాని పని ఆ దరిదాపుల్లో కూడా లేదు. జిమ్‌లో ట్రైనర్ ఇచ్చే సీసాలోని ఇంజెక్షన్ జోలికి అసలే పోవద్దు. లోపల ఏముందో, ఎంత డోసుందో ఎవరికీ తెలియదు.

మీ వారికి ఇంజెక్షన్ మొదలుపెట్టే ఆలోచన ఉంటే కొన్ని విషయాలు ముందే డాక్టరుగారి దగ్గర తేల్చుకోండి. కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, ఆయనకు గతంలో క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్లు (గాల్‌స్టోన్స్) ఉన్నాయా చెప్పండి. కంటి రెటీనా పరీక్ష చేయించండి. షుగర్ వల్ల రెటీనా ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకు షుగర్ ఒక్కసారిగా దిగితే అది కొంత ముదిరే ప్రమాదం ఉంది. చిన్న డోసుతో మొదలుపెట్టి నెలకో మెట్టు ఎక్కాలి. వికారం, మలబద్ధకం మొదటి వారాల్లో మామూలే. అప్పుడు కొంచెం కొంచెం తినాలి, బిర్యానీలు, నూనె వంటకాలు పక్కన పెట్టాలి. కడుపులో విడవని నొప్పి వెన్నులోకి పాకితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. తగ్గే బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాకుండా కండ కావచ్చు. అసలే మన తిండిలో మాంసకృత్తులు తక్కువ, కాబట్టి ఆకలి లేకపోయినా గుడ్డు, పప్పు, పెరుగు, చేప మానకూడదు. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం కూడా కావాలి. ఏదైనా ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు ఈ మందు వాడుతున్నట్టు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి.

ఖర్చు మాట కూడా అడిగారు. సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో ముగిశాక మన దగ్గర దాని ధర ఎలా పడిందో మీకే తెలుసు. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా చాలా కంపెనీలు ముందు నుంచే జనరిక్‌లకు సిద్ధపడ్డాయి. కాబట్టి ఏ బ్రాండ్ ఎంతకు దొరుకుతుందో రాసేముందే డాక్టరుగారిని అడగండి. మధ్యలో డబ్బు చాలక ఆపేయడం కన్నా, ఏళ్ల తరబడి కొనగలిగే మందుతో మొదలుపెట్టడం మేలు.

ఇంజెక్షన్ మొదలైన రోజు నుంచి గ్లిమెపిరైడ్ డోసు సగానికి తగ్గించాలా, మొత్తం ఆపాలా అన్నది మీరే గుర్తుచేసి అడగండి. ఆ రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ కొనసాగుతుంది. చీటీలో సిటాగ్లిప్టిన్, ఇంజెక్షన్ రెండూ కనిపిస్తే ఎందుకని అడగండి. జీఎల్‌పీ-1 అంత ఎత్తున ఉన్నప్పుడు చిల్లి మూసే మాత్రతో అదనంగా కలిసొచ్చేదేమీ ఉండదు, మందుల షాపు బిల్లు తప్ప.